బ్యాండు మాస్టరూ మూడు బంతులూ

కత్తెరమ్మ అసలు పేరేమిటో ఆ వీధిలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం కూడా ఎవరికీ పడలేదు. ముందుగదిలో కుట్టుమిషను, మెడలో టేపు, ఒళ్ళో ఎప్పుడూ ఎవరిదో ఒక చొక్కా. ఆ పేరు కత్తెర వల్ల వచ్చిందా, నోటి వల్ల వచ్చిందా అని ఎవరైనా అడిగితే రెండింటికీ పదును ఒకటేనని ఆవిడే ఒప్పుకుంటుంది. అడిగినవాడు మళ్ళీ అడగడు.

ఆవిడ మొగుడు బ్యాండు మాస్టరు. పెళ్ళిళ్ళకీ, బడి పిల్లల ఆటల పోటీలకీ, కొత్త షాపులు తెరిచినప్పుడూ ఎర్రకోటు వేసుకుని ముందు నడుస్తూ బూర ఊదేవాడు. ఆ కోటు కుట్టింది మళ్ళీ ఈవిడే. ట్రంపెట్ అనేది దాని గొప్పింటి పేరు, ఇంట్లో మాత్రం బూరే. మాస్టరు ఒక స్వరం పట్టాడంటే అంత తేలిగ్గా వదలడు. డ్రమ్ములవాళ్ళు చేతులు విదిలించుకోవాలి, చూసేవాళ్ళు గుటకలు మింగాలి, అప్పటికి వదిలేవాడు. వదిలి, ఏమీ జరగనట్టు మీసం సవరించుకునేవాడు. ఆ గర్వం చూస్తే కత్తెరమ్మకు ఒళ్ళు మండేది. "ఊపిరి దేవుడు అందరికీ ఇచ్చాడు, ఈయనొక్కడే దాన్ని ఊరేగిస్తాడు" అనేది. అనేది గానీ, బ్యాండు ఆ వీధిలోంచి పోతుంటే మిషను ఆపి గుమ్మంలో నిలబడేది. అలా నిలబడుతుందని ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని ఆవిడకూ తెలుసు. ఇద్దరూ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

సాధన మాత్రం వెనకగదిలో, తలుపు గడియ వేసుకుని. దగ్గర్నుంచి చూస్తే ఊదేవాడి మొహం ఏమంత బాగుండదు మరి. "ఊదే మొహం పెళ్ళానికి చూపించకురా, ఆ తర్వాత ఇంట్లో మర్యాద ఉండదు" అని ఆయన గురువు చెప్పాడట. గురువు చెప్పినవాటిలో శిష్యుడు తూచా తప్పకుండా పాటించింది ఇదొక్కటే.

అలాంటి మనిషికి డెబ్బై దాటాక ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ముందు జలుబు, దాని వెనక దగ్గు, దాని వెనక జ్వరం, చివరికి ఆసుపత్రి. మందులతో జ్వరం దిగింది. ఇంటికి పంపేముందు డాక్టరమ్మ కత్తెరమ్మను పక్కకు పిలిచింది. "ప్రమాదం పూర్తిగా తప్పలేదమ్మా. ఊపిరితిత్తుల అడుగుభాగం ఇంకా మూసుకునే ఉంది. అది తెరుచుకోకపోతే నెమ్ము మళ్ళీ వస్తుంది. ఈ వయసులో రెండోసారి వస్తే తట్టుకోవడం కష్టం. మందు సగం పనే చేస్తుంది, మిగతా సగం ఆయనే చెయ్యాలి" అంది.

ఆ మిగతా సగం ఒక ప్లాస్టిక్ పరికరం. పక్కపక్కనే మూడు గొట్టాలు, ఒక్కోదాని అడుగున ఒక్కో రంగు బంతి, ఒక పక్కనుంచి పైపు, పైపు చివర నోట్లో పెట్టుకునే మూతి. దీంతో రోజూ కసరత్తు చేస్తే బంతులు ఒక్కొక్కటిగా పైకి లేస్తాయి. అది ఎలా వాడాలో చెప్పడానికి నర్సమ్మ మంచం దగ్గరికి వచ్చింది. ఆ సమయానికి కత్తెరమ్మ కింద మందుల కౌంటర్ దగ్గర ఉంది. కూతురు కిటికీ దగ్గర నిలబడి ఫోన్‌లో ఆటోవాడికి దారి చెబుతోంది. నర్సమ్మ "పెద్దాయనా, ఈ పైపు నోట్లో పెట్టుకుని" అనేలోపే మాస్టరు చెయ్యెత్తి ఆపాడు.

"అమ్మాయీ, నీ పెళ్ళికి ఊదింది నేనే అయ్యుంటాను. నోట్లో పెట్టుకునేదాని గురించి నువ్వు నాకు చెబుతావా?"

నర్సమ్మ నవ్వేసింది. ఇంతలో పక్క మంచంవాళ్ళు పిలిస్తే అటు పోయింది. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు, ఇక్కడ మాత్రం వినాల్సినవాడికే చెప్పేవాళ్ళు లోకువయ్యారు. కూతురు ఫోన్ పెట్టేసి, "ఏం చెప్పింది నాన్నా?" అనడిగితే, "మూడు బంతులు లేపాలట. చిన్నపిల్లల ఆట" అన్నాడు.

ఇంటికొచ్చాక కత్తెరమ్మ ఆ ఇంటిని చిన్నసైజు ఆసుపత్రి చేసేసింది. అస్తమానం పడుకోకూడదన్నారని మాస్టరును కుర్చీలో కూర్చోబెట్టి వీపు వెనక తలగడలు దోపింది. తలగడలు చాలకపోతే కుట్టాల్సిన బట్టల మూట పెట్టింది. పాపం ఎవరిదో కొత్త ప్యాంటు, దాని యజమాని తొడుక్కోకముందే మాస్టరు వీపుకు అలవాటు పడింది. మాత్రలు చేతిలో పెట్టి, మింగేదాకా నిలబడి, మింగాక నోరు తెరవమనేది.

"నేనేమన్నా దొంగనా?" అనేవాడు.

"దొంగలు నయం, దొరికితే ఒప్పుకుంటారు" అనేది.

పరామర్శకొచ్చేవాళ్ళను గుమ్మంలోనే కొలతలు తీసేది. ఎదురింటాయన వచ్చి తన బాబాయికి కూడా అచ్చం ఇలాగే నెమ్ము చేసి ఎలా పోయాడో పూసగుచ్చినట్టు చెప్పబోతే, "బాబాయిగారి కథ బాగుంది, మిగతాది మీ ఇంట్లో చెప్పుకోండి" అని సాగనంపింది. ఆయన మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

కసరత్తు దగ్గర మాత్రం ఆవిడ మాట చెల్లలేదు. మాస్టరు పరికరాన్ని చంకలో పెట్టుకుని వెనకగదిలోకి పోయి గడియ వేసుకునేవాడు. కాపురానికొచ్చిన నాటి నుంచీ అలవాటైన గడియే కాబట్టి ఆవిడా పట్టుబట్టలేదు. బయటికొచ్చాక అడిగేది.

"ఎన్ని లేచాయి?"

"ఒకటి."

మర్నాడు అడిగితే రెండన్నాడు. ఆ మర్నాడూ రెండే.

"మూడోది?"

"అదే లేస్తుంది. తొందరేముంది, ముహూర్తం దాటిపోతోందా?"

ఆ వేళాకోళమే ఆవిడను మోసం చేసింది. బంతులేమో లేస్తున్నాయట, మనిషి మాత్రం రోజురోజుకూ కుంగిపోతున్నాడు. ముందు భోజనం సగం వదిలాడు. వసారాలో నాలుగడుగులు వెయ్యమంటే రేపన్నాడు. ఆ రేపు వచ్చేసరికి వేళాకోళం కూడా మానేశాడు. ఆవిడకు అసలు భయం అప్పుడు పట్టుకుంది. నోరు మూసుకుని కూర్చున్న మాస్టరును ఆవిడ పెళ్ళయ్యాక చూడలేదు. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆపి కుర్చీ వైపు చెవి పెట్టేది. దగ్గు వినిపిస్తే భయం, వినిపించకపోతే ఇంకా భయం.

ఒకరోజు కుట్టిన బట్టలు ఇచ్చి తిరిగొస్తుంటే వీధి మలుపులో చిన్నబూర ఎదురయ్యాడు. బ్యాండులో మాస్టరు పక్కన రెండో బూర ఊదేవాడికి అదీ పేరు. నడివయసు వచ్చింది, జుట్టు పలచబడింది, అల్లుణ్ణి కూడా తెచ్చుకున్నాడు, అయినా చిన్నబూరే. మనిషి మంచివాడు గానీ నోట్లో నువ్వుగింజ నానదు. అతని చేతిలో నల్లపెట్టె ఉంది. ఆ పెట్టె ఎవరిదో కత్తెరమ్మ కళ్ళు మూసుకుని కూడా చెప్పగలదు.

"అది నీ దగ్గరెందుకుంది?"

"ఏం లేదమ్మా" అంటూనే చిన్నబూర కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీకు చెప్పొద్దన్నారు. అందుకని చెప్పను."

"మంచిది. చెప్పకుండానే చెప్పు."

అతను అంతా చెప్పేశాడు. మాస్టరు కబురుపెట్టి పిలిపించి, బూర చేతిలో పెట్టి, "నా పనైపోయిందిరా, ఇక నువ్వే ఊదుకో" అన్నాడట. "ఒక్క బంతి కూడా కదలడం లేదటమ్మా. మొదటిరోజు నుంచీ అంతేనట. ఒంట్లో ఉన్న ఊపిరంతా పెట్టినా కదల్లేదట. మీతో రెండు లేచాయని అబద్ధమాడుతున్నారట. ఇది మాత్రం మీకు అసలే చెప్పొద్దన్నారు."

డాక్టరమ్మ మాట కత్తెరమ్మ చెవిలో మోగింది, రెండోసారి వస్తే తట్టుకోవడం కష్టమని. మళ్ళీ చూపించుకోవాల్సిన రోజు దగ్గరపడుతోంది. "పెట్టె జాగ్రత్తగా ఉంచు" అని మాత్రం చిన్నబూరతో అనగలిగింది.

ఇంటికొచ్చేసరికి మాస్టరు కుర్చీలో కునుకు తీస్తున్నాడు. లేపి నిలదీయాలన్నంత కోపం వచ్చింది. తీరా ఆ మొహం చూస్తే నోరు రాలేదు. తిన్నగా వెనకగదిలోకి పోయి ఆ పరికరాన్ని చేతిలోకి తీసుకుంది. ఇంత పెద్ద మనిషిని ఏడిపిస్తున్నది ఇదేనా అని అటూ ఇటూ తిప్పి చూసింది. పట్టుమని పావుకిలో బరువు కూడా లేదు. దాని మూతిని కుళాయి కింద కడిగి నోట్లో పెట్టుకుంది. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక ఏ వాయిద్యమూ ముట్టలేదు. గొట్టమనేది నోట్లోకొస్తే కూల్‌డ్రింకు తాగినట్టు పీల్చడమే తెలుసు. పీల్చింది.

మొదటి బంతి టక్కున లేచింది. దాని వెనకే రెండోది. కంగారులో ఇంకాస్త పీలిస్తే మూడోది కూడా పైకెళ్ళి తగిలింది.

మీరూ నేనూ అయితే ఏమనుకునేవాళ్ళమో అది వేరే సంగతి. కత్తెరమ్మ అనుకున్నది మాత్రం ఇది: ఏ సాధనా లేని నాకే మూడూ లేచాయి, జన్మంతా ఊపిరి మీద బతికిన మనిషికి ఒక్కటి కూడా లేవడం లేదంటే లోపల ఇంకేమీ మిగల్లేదన్నమాట. ఆయన అన్నది నిజమే, పనైపోయింది. పరికరాన్ని ఎక్కడిదక్కడ పెట్టి, ముందుగదిలోకి వచ్చి, మిషను గడగడా తొక్కుతూ ఏడ్చింది. మిషను చప్పుడులో ఏడుపు వినబడదు. ఆ ఏడుపులో ఎవరిదో చొక్కాకు రెండు చేతులూ ఒకే పక్క కుట్టేసింది. సాయంత్రం కూతురు వచ్చి, "కళ్ళేంటమ్మా అలా ఉన్నాయి?" అంటే, "సూదిలోకి దారం ఎక్కిస్తున్నాను" అంది.

మర్నాడు పొద్దున మాస్టరు ఎప్పట్లాగే పరికరం తీసుకుని లేచాడు. గడియ పడ్డ చప్పుడైంది. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు విని ఊరుకున్న మనిషి ఇప్పుడు ఊరుకోలేకపోయింది. ఆయన లోపల ఒక్కడే కూర్చుని, కదలని బంతుల్ని చూస్తూ, బయటికొచ్చి ఏం అబద్ధమాడాలో వెతుక్కుంటూ ఉంటాడు. ఉన్నన్నాళ్ళూ ఆ బాధేదో ఒంటరిగా పడటానికి వీల్లేదు, లేవని బంతుల్ని ఇద్దరం కలిసే చూద్దాం అనుకుంది. పోయి తలుపు తట్టింది.

"గడియ తియ్యండి."

"కసరత్తు చేస్తున్నాను."

"అందుకే తియ్యమంటున్నాను."

"నువ్వు చూస్తుంటే నాకు రాదు."

"చూడకపోయినా రావడం లేదుగా."

మాస్టరు గడియ తీశాడు. "చిన్నబూర చెప్పాడా?" అన్నాడు.

"వద్దన్నారటగా. పాపం, చెప్పకుండానే చెప్పాడు."

మాస్టరు పోయి మంచం మీద కూర్చున్నాడు. ఆవిడ ఎదురుగా స్టూలు లాక్కుంది. "కానివ్వండి" అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆవిడ కదల్లేదు. కత్తెరమ్మ ఒకసారి కూర్చుందంటే లేపడం ఎవరి తరమూ కాదని ఆయనకు తెలియనిదా? చేసేదిలేక పైపు నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు.

బుగ్గలు బుడగల్లా ఉబ్బాయి. మెడ నరాలు లేచాయి. మొహం ఎర్రబడింది, చెవులు కూడా కదిలాయి. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ చూడని మొహం అది. బంతులు మాత్రం ఎవరో అంటించినట్టు అడుగునే కూర్చున్నాయి. ఆవిడ ఒకసారి ఆ బుగ్గల వైపు చూసింది, ఒకసారి ఆ బంతుల వైపు చూసింది.

"ఏమండీ."

ఆయన ఒక కన్ను తెరిచాడు.

"ఏం చేస్తున్నారు?"

"కనబడటం లేదా? ఊదుతున్నాను."

"ఎందుకు ఊదుతున్నారు?"

"ఊదక?"

"పీల్చాలి కదండీ."

మాస్టరు పైపు నోట్లోంచి తీశాడు. "ఎవరు చెప్పారు నీకు?"

"ఒకరు చెప్పాలా? గొట్టం నోట్లో పెట్టుకుంటే ఎవరైనా పీలుస్తారు."

"నేను ఊదుతాను" అన్నాడు మాస్టరు, లోకంలో ఇంతకన్నా న్యాయమైన మాట లేనట్టు.

"నిన్న నేను పీల్చాను. మూడూ లేచాయి."

అనకూడదని ఒట్టు పెట్టుకున్న మాట. అన్నాక నాలిక కరుచుకుంది. మాస్టరు ఆవిడను పైనుంచి కిందికి చూశాడు. "నీకా? మూడూనా?" అన్నాడు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడిందట, ఆయన పని అలాగే అయింది. కాసేపు పౌరుషం అడ్డొచ్చింది. తర్వాత, ఆవిడ మీద కోపంతోనే కావచ్చు, పైపు నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాడు.

ఒక బంతి లేచింది. కాస్తంత నిలబడి, పడింది. రెండోది కదిలి మళ్ళీ కూర్చుంది. మాస్టరుకు దగ్గొచ్చింది. దగ్గుతూనే బంతి వైపు వేలు చూపించాడు, ఆవిడ చూసిందో లేదోనని.

"చూశాను" అంది కత్తెరమ్మ. అంతే, అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. "నర్సమ్మ చెప్పబోతే వినరు. నన్ను గదిలోకి రానివ్వరు. మీసం మెలేసుకుని అబద్ధాలొకటి. పాపం చిన్నబూరను నడివీధిలో ఏడిపించారు. నాచేత చొక్కాకు రెండు చేతులూ ఒకే పక్క కుట్టించారు. నిన్న మధ్యాహ్నమంతా మీరు పోయినట్టే ఏడ్చాను, తెలుసా మీకు? నిక్షేపంలా పక్కగదిలో గురకపెడుతున్న మనిషి కోసం ఏడ్చాను."

ఏదో ఒక వేళాకోళం ఆడతాడని చూసింది. ఆడలేదు.

"నాకూ భయమేసిందే" అన్నాడు. "చాలా భయమేసింది. ఊపిరి పోయిందని బ్యాండు మాస్టరు ఎవరితో చెప్పుకుంటాడు?"

"నాతో చెప్పుకుంటాడు."

ఆయన తలొంచుకున్నాడు. చేతిలోని పైపును కాసేపు తిప్పుతూ కూర్చుని, "పీల్చడం గురించి నేనెప్పుడూ ఆలోచించలేదే. ఊదేటప్పుడు మూతి పక్కనుంచి గుక్కెడు గాలి లాక్కోవడమే. పీల్చినందుకు ఎవరన్నా చప్పట్లు కొడతారా?" అన్నాడు.

కత్తెరమ్మ చప్పట్లు కొట్టింది. వెటకారానికే మొదలుపెట్టింది గానీ ఎంతకీ ఆపలేకపోయింది.

ఆ పూటే కూతురిచేత ఆసుపత్రికి ఫోన్ చేయించారు. నర్సమ్మ మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. నిటారుగా కూర్చోవాలి, మెల్లగా పీల్చాలి, కాసేపు పట్టి ఉంచి వదలాలి, తల తిరిగితే ఆపాలి. మాస్టరు చేతులు కట్టుకుని బడి పిల్లాడిలా విన్నాడు. కసరత్తు ముందుగదికి మారింది. మిషను పక్కనే కుర్చీ, కుర్చీలో మాస్టరు. ఆవిడ ఒక జేబు కుట్టేసరికి ఆయన ఒక విడత పూర్తి చేయాలి, అదీ ఒప్పందం. ఊదడమైనా పీల్చడమైనా ఆ మనిషికి చూసేవాళ్ళుండాలి. రెండో బంతి లేచిన రోజు కొలతలివ్వడానికొచ్చిన పెద్దమనిషిని ఆపి మరీ చూపించాడు. ఆయనేదో గొప్ప ఇంద్రజాలమనుకుని మెచ్చుకుని పోయాడు. మాస్టరు భోజనం మళ్ళీ పూర్తిగా తిన్నాడు. వసారాలో నడిచాడు. మాత్ర మింగాక అడక్కుండానే నోరు తెరిచి నాలిక బయటపెట్టి వెక్కిరించాడు. ఆ వెక్కిరింపు చూశాక ఆవిడకు ధైర్యం వచ్చింది.

మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వింది. "అడుగుభాగం తెరుచుకుంటోంది. ఇలాగే కొనసాగించండి" అంది. కత్తెరమ్మ దండం పెట్టబోయేలోపే ఇంకో మాట అంది. "బూర మాత్రం ఇప్పుడే వద్దు మాస్టారూ. కొన్ని నెలలు పోనివ్వండి. ఆ తర్వాత కూడా ఇంట్లో కాసేపు సరదాకు ఊదుకుంటే సరే. ఎండలో నడుస్తూ గంటలకొద్దీ ఊదడం ఇక కుదరదు."

అరుస్తాడేమో, వాదిస్తాడేమోనని కత్తెరమ్మ ఆయన వైపు చూసింది. "అలాగేనమ్మా" అన్నాడు మాస్టరు, అంత బుద్ధిగా. అరిచినా ఆవిడకు అంత భయం వేసేది కాదు.

వీధి చివర రోడ్డు తవ్వేశారని ఆటోవాడు అక్కడే దించేశాడు. ఇద్దరూ మెల్లగా నడిచారు. సగం దూరం వచ్చాక మాస్టరు ఆగి ఒక గోడకు ఆనుకున్నాడు. ఆవిడా ఆగింది.

"బూర చిన్నబూర దగ్గరే ఉండనీ" అన్నాడు.

"అంటే మళ్ళీ పనైపోయిందంటారా?"

"అది కాదే. ఊదనివాణ్ణి ఇక మాస్టరని ఎవరంటారు? బూర లేకపోతే నేనేంటి? అది తేలడం లేదు నాకు."

కత్తెరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, ఆయాసం తీరేదాకా నిలబడింది.

"నేనెప్పుడన్నా మిమ్మల్ని మాస్టరన్నానా?" అనడిగింది.

ఆయన ఆలోచించాడు. "లేదు."

"కాపురానికొచ్చిన రోజు నుంచీ ఏమండీ అనే పిలిచాను. పిలిచినప్పుడల్లా పలికారు. ఆ ఉద్యోగం ఎక్కడికీ పోలేదు. దానికి బూర అక్కర్లేదు. నేను పిలిస్తే పలకడానికి మీరుండాలి, అంతే."

మాస్టరుకు నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొస్తుందేమోనని సగంలో ఆపేశాడు. దగ్గు రాలేదు. మిగతా సగం కూడా నవ్వాడు.